అడిగే తీరు

తెలుగులో ‘అడుగు’ అన్న మాటకు ఉన్న అర్థాలను ఒకచోట చేర్చి చూస్తే ముచ్చటగా ఉంటుంది. పాదమూ అడుగే, నడకలో వేసేదీ అడుగే, పాత్ర కింది భాగమూ అడుగే. ఎదుటివారిని ప్రశ్నించడానికి వాడే క్రియ కూడా అదే. నిఘంటువులో నామవాచకం వేరు, క్రియ వేరు. అయినా ఒకరిని ఒక మాట అడగడమంటే వారి మనస్సులోనికి ఒక అడుగు వేయడమేనని నాకు అనిపిస్తుంది. అడుగు పడిన చోట నేల కొద్దిగానైనా అణుగుతుంది. అడగక ముందున్న మనస్సు, అడిగిన తరువాత ఉన్న మనస్సు ఒకటి కావు.

‘అడగనిదే అమ్మయినా పెట్టదు’ అన్నది సామెత. అడగడం వలన మేలే తప్ప కీడు లేదన్న ధీమా అందులో ఉన్నది. ఏ మాటతో అడగాలి, ఏది ముందు అడగాలి, ఏది తరువాత అడగాలి అన్న విచారణ అందులో లేదు. అన్నం విషయంలో ఆ విచారణ అక్కరలేదు కూడా. కాని మరణానంతరం నీ కన్నులు, నీ గుండె, నీ మూత్రపిండాలు ఇతరులకు ఇస్తావా అని అడగవలసి వచ్చినప్పుడు ఆ విచారణే ప్రధానమవుతుంది. ఈ సంగతి నేను కావ్యశాస్త్ర గ్రంథాలలో కాక, ఒక సర్వే పత్రంలో మొదటిసారి గమనించాను.

మన దేశంలో 2023 నుండి ఆగస్టు 3వ తేదీని అవయవదాన దినంగా జరుపుకొంటున్నారు. 1994లో అదే తేదీన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దేశంలోనే మొదటిసారిగా గుండె మార్పిడి విజయవంతంగా జరిగింది. ఆ శస్త్రచికిత్సకు నాయకత్వం వహించిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమహేంద్రవరంలో పుట్టినవారు. ఆ దినోత్సవానికి మా కళాశాల జాతీయ సేవా పథకం విద్యార్థులు ఊరిలో సర్వే చేయాలనుకొన్నారు. ఎక్కడో అంతర్జాలంలో దొరికిన ఆంగ్ల ప్రశ్నావళిని అచ్చు వేయించి తెచ్చి, తెలుగు చేసి ఇమ్మని నా బల్లమీద పెట్టారు. ఒక్కొక్క వాక్యం కింద ‘పూర్తిగా అంగీకరిస్తాను’ మొదలుకొని ‘ఎంతమాత్రం అంగీకరించను’ వరకు అయిదు గడులు. ఒక గడిలో గుర్తు పెట్టాలి. చివర, దాతగా మీ పేరు నమోదు చేసికొంటారా అన్న ప్రశ్న.

మొదటి భాగం తేలికగానే సాగింది. అవయవదానం వలన ప్రాణాలు నిలుస్తాయి, అది ఉపకారం, సమాజానికి అవసరం అన్న ధోరణి వాక్యాలు. రెండవ భాగం దగ్గర నా కలం ఆగింది. అక్కడి వాక్యాలు ఆలోచనను కాక అనుభూతిని అడుగుతున్నాయి. చనిపోయిన తరువాత నా దేహాన్ని కోస్తారని తలచుకొంటే ఒళ్ళు జలదరిస్తుంది. దాతగా పేరు రాయించుకొంటే ఏదో కీడు మూడుతుందనిపిస్తుంది. దాతనని తెలిస్తే వైద్యులు నన్ను బ్రతికించడానికి గట్టిగా పూనుకోరేమో. దేహం ఏ కొరతా లేకుండానే మట్టిలో కలవాలి. సుమారుగా ఇవీ వాటి భావాలు.

నాకు మొదట కలిగినది కేవలం తెలుగు పండితుని చిక్కు. ఆ ఆంగ్ల పత్రంలో ఏహ్యభావానికి ‘ఇక్’ అని మూడక్షరాల మాట ఒకటున్నది. అది మాట కూడా కాదు, ముఖం చిట్లించినప్పుడు గొంతులో పుట్టే చప్పుడు. దానికి మన భాషలో ఏమి రాయాలి? వెగటు ఉన్నది, రోత ఉన్నది, అసహ్యం, ఏవగింపు, జుగుప్స ఉన్నాయి. వెగటు నాలుక మీద నిలుస్తుంది. రోత కడుపులో తిప్పుతుంది. ఏవగింపులో మనిషి మీద చిన్నచూపు కూడా కొంత కలిసి ఉంటుంది. జుగుప్స పుస్తకాల మాట, వీథిలో ఎవరూ వాడరు. ఒక్కొక్క మాటను పైకి పలికి, పక్కన నిలుచున్న విద్యార్థులను ఏది బాగున్నదని అడిగాను. ద్వితీయ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి కొంచెం తటపటాయించి, “సార్, ఇవన్నీ వినకముందు నాకు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తున్నది” అన్నది.

మిగిలిన పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ అమ్మాయి అన్నది పెద్ద మాట. దానికి సముద్రాల అవతల విద్వాంసులు ఏళ్ల తరబడి సమాధానం వెదికారని తరువాత తెలిసింది.

అమెరికాలో సూసన్ మోర్గన్, ఆమె సహచరులు 2008లో ఒక ప్రశ్న వేసికొన్నారు. అవయవదానం గురించి మనిషి తీసికొనే నిర్ణయం ఎంతవరకు హేతుబద్ధమైనది? తెలియక ఇవ్వడం లేదు, తెలిస్తే ఇస్తారు అన్న నమ్మకంతోనే అంతకు ముందు ప్రచారమంతా నడిచింది. వారు చూసినది వేరు. వాస్తవాలు తెలిసినా కొన్ని అనుభూతులు మనిషిని వెనక్కు లాగుతున్నాయి. ఆ అనుభూతులకు వారు పేర్లు పెట్టారు. ఒకటి జుగుప్స, మరొకటి కీడు శంక, ఇంకొకటి వైద్యవ్యవస్థ మీద అవిశ్వాసం, వేరొకటి దేహం పూర్ణంగా ఉండాలన్న పట్టుదల. స్కాట్లాండులోని స్టర్లింగ్ విశ్వవిద్యాలయంలో రోనన్ ఓ కారోల్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 2011లో ఈ పరిశీలనను ముందుకు తీసికొనిపోయారు. దాతలుగా నమోదైనవారికి, కానివారికి మధ్య ఈ అనుభూతులలో స్పష్టమైన భేదం వారికి కనిపించింది. వారు మరొకటి కూడా గమనించారు. ‘పేరు నమోదు చేసికొనకపోతే రేపు నేను బాధపడతాను’ అన్న ధోరణి ప్రశ్నను ముందుగా అడిగితే దాతలు కావాలన్న ఉద్దేశం బలపడుతున్నది. రానున్న పశ్చాత్తాపాన్ని ఈనాడే రుచి చూపించడమన్న మాట.

ఇంతవరకు కథ సుఖాంతంగానే ఉన్నది. ఒక చిన్న ప్రశ్న చేరిస్తే చాలు, దాతలు పెరుగుతారు. కాని ఉద్దేశం వేరు, ఆచరణ వేరు. ఉద్దేశాలనే లెక్కపెట్టి తృప్తిపడే పరిశోధకులు లోకంలో ఎక్కువ. వీరు అలా ఆగలేదు, అందుకు వారిని మెచ్చుకోవాలి. స్కాట్లాండులో పద్నాలుగు వేలకు పైగా సామాన్య ప్రజలకు వేర్వేరు ప్రశ్నావళులను పంపి, ఆరు నెలలు ఆగి, జాతీయ అవయవదాతల పట్టికలో ఎవరి పేరు నిజంగా చేరిందో చూశారు. 2016లో ఫలితాలు ప్రకటించారు. పశ్చాత్తాప ప్రశ్న వలన నమోదు పెరగలేదు. ఇంత శ్రమ చేసి, అనుకొన్నది జరగలేదని తామే అచ్చు వేయించుకోవడం శాస్త్రలోకంలో కూడా తరచు కనిపించే గుణం కాదు.

ఎందుకు జరగలేదు? వారికి కలిగిన అనుమానం మా విద్యార్థిని అన్న మాటే. పశ్చాత్తాప ప్రశ్నకు ముందు ఆ పత్రంలో దేహాన్ని కోయడం గురించి, కీడు గురించి, వైద్యుల మీద శంక గురించి వాక్యాలున్నాయి. మనస్సు అడుగున నిద్రపోతున్న వాటిని ఆ ప్రశ్నలు తట్టి లేపి ఉండవచ్చును. ఒక చేతితో పిలుస్తూ రెండవ చేతితో నెట్టినట్లయింది.

ఈ అనుమానాన్ని పరీక్షించిన పని ఐర్లండులో జరిగింది. డబ్లిన్ నగరంలోని వైద్య విద్యాలయానికి చెందిన శాలీ డోహర్టీ, ఆమె సహచరులు 2017లో దానిని ప్రకటించారు. కొందరికి అనుభూతుల ప్రశ్నలన్నిటితో పత్రం ఇచ్చారు. మరికొందరికి వాటిని తొలగించిన పత్రం ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది కేవలం చీటీలు తీసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. అనుభూతుల ప్రశ్నలు లేని పత్రం చదివినవారిలో దాతలు కావాలన్న ఉద్దేశం హెచ్చుగా ఉన్నది. తేడా కొండంత కాదు, కొంచెమే. అయితే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఒక్క అబద్ధం ఆడకుండా, కొన్ని వాక్యాలు తీసివేయడం వలన వచ్చిన తేడా అది.

ప్రశ్న మనిషిని మార్చడమన్నది కొత్త సంగతి కాదు. అమెరికాలో స్టీవెన్ షెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980లోనే దీనిని చూపించాడు. క్యాన్సర్ సంఘం కోసం మూడు గంటలసేపు ఇల్లిల్లు తిరిగి చందాలు వసూలు చేస్తారా అని నేరుగా అడిగితే నూటికి నలుగురు మాత్రమే ఒప్పుకొన్నారు. మరికొందరిని ముందుగా, ‘ఎవరైనా అలా అడిగితే మీరు ఒప్పుకొంటారని అనుకొంటున్నారా?’ అని మాత్రం అడిగి వదిలేశారు. కొద్ది రోజుల తరువాత వారిని నిజంగా అడిగితే నూటికి ముప్పై ఒక్కరు ఒప్పుకొన్నారు. తమను గురించి తాము చెప్పుకొన్న మంచి మాటకు తామే కట్టుబడ్డారు. కెనడాలోని క్విబెక్‌లో రక్తదాతలకు ఒక ప్రశ్నావళి పంపితే, దానిని అందుకొన్నవారు అందనివారి కంటె ఎక్కువసార్లు రక్తమిచ్చారని 2008లో వెల్లడైంది. రక్తం విషయంలో మేలు చేసిన ప్రశ్నావళి అవయవాల విషయంలో అడ్డు తిరగడం విచిత్రమే. నాకు తోచిన కారణం ఒకటున్నది. రక్తమిచ్చినవాడు పండ్లరసం తాగి తన కాళ్ల మీద ఇంటికి నడిచివెళతాడు. తన దానాన్ని తాను చూసికొంటాడు. అవయవదాత తన దానాన్ని ఊహించుకోవలసిందే గాని చూడలేడు. ఊహించుకోవాలంటే ముందు తన శవాన్ని తాను చూడాలి. ఎంత గుండెనిబ్బరం గలవాడికైనా అది కష్టమే.

ఇక్కడ నా చదువు నాకు అక్కరకు వచ్చింది. మన ఆలంకారికులు కావ్యదోషాలలో అశ్లీలమనే దానిని చెప్పి, దానిని మూడు విధాలుగా విభజించారు. వ్రీడను, అంటే సిగ్గును కలిగించేది ఒకటి. జుగుప్సను కలిగించేది ఒకటి. అమంగళాన్ని స్ఫురింపజేసేది ఒకటి. వామనుడు, మమ్మటుడు ఇద్దరూ ఈ విభాగం చేశారు. నేడు అశ్లీలమంటే మనం మొదటిదే అనుకొంటాము. తక్కిన రెండింటిని మరచిపోయాము. పాశ్చాత్య పరిశోధకులు జుగుప్స అని, కీడు శంక అని పేర్లు పెట్టినవి సరిగ్గా ఆ తక్కిన రెండే. అంతకంటె ముఖ్యమైన విషయం ఇంకొకటి. ఆలంకారికులు దానిని అర్థానికి మాత్రమే కాక పదానికి కూడా దోషంగా చెప్పారు. కవి ఉద్దేశం శుద్ధమైనదే కావచ్చును. వాడిన పదంలో ఒక ముక్క మరణాన్నో, మలినాన్నో స్ఫురింపజేస్తే చాలు, సహృదయుని మనస్సు అక్కడ తట్టుకొని నిలిచిపోతుంది. దోషం వస్తువులో లేదు, పలుకులో ఉన్నది. సర్వే పత్రాలు తయారుచేసేవారికి ఈ ప్రకరణాన్ని పాఠ్యాంశంగా పెట్టవలసినదని మా అర్థశాస్త్ర అధ్యాపక మిత్రునితో అంటే, ఆయన “మీకు అన్నీ మమ్మటుడిలోనే కనిపిస్తాయి” అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

అవయవదాన సభలలో ఉపన్యాసకులు దధీచి పేరు, శిబి పేరు ఎత్తక మానరు. నాకు అందులో అభ్యంతరం లేదు. కాని శిబి కథను కాస్త నిదానంగా చదవండి. ఆ కథలో తొడమాంసం కోయడం ఉన్నది, త్రాసులో వేయడం ఉన్నది. ఏ సర్వే పత్రమూ రాయలేనంత స్పష్టంగా ఉన్నది. అయినా చదివేవానికి రోత పుట్టదు. పావురం ముందు వచ్చింది. భయంతో వణుకుతూ ఒడిలో వాలింది. దానికి అభయమిచ్చిన తరువాతనే కత్తి కనిపించింది. కవి రసాన్ని ముందు స్థాపించి, దాని నీడలోనికి జుగుప్సను తెచ్చాడు. ధూర్జటి చెప్పిన తిన్నని కథ కూడా అంతే. శివుని కంట నెత్తురు చూసిన తరువాతనే తిన్నడు తన కంటిని పెకలించాడు. పావురాన్ని చూపకుండా కత్తిని చూపడమే ఆ రెండవ భాగం ప్రశ్నలు చేసిన పని. ఇంకొక మాట కూడా ఉన్నది. దధీచికి, శిబికి, తిన్ననికి సంతకం చేయవలసిన బంధువులు లేరు. మనకు ఉన్నారు.

మా విద్యార్థులు తెలుగు పత్రంతో మొదట ఒక వీథికి వెళ్లి వచ్చారు. నలభై ఇళ్లు పరిశోధన అనిపించుకోవు, కనుక లెక్కలు చెప్పను. ఒక ఇంటి సంగతి మాత్రం చెప్పాలి. మిషను కుట్టుకొంటున్న ఒక ఇల్లాలు పత్రం తీసికొని, మొదటి భాగమంతా చకచక గుర్తులు పెట్టింది. మంచి పనే కదా బాబూ అన్నది. రెండవ భాగంలో రెండు వాక్యాలు చదివి ఆగింది. “అంటే, గుండె కూడా తీసేస్తారా?” అన్నది. పిల్లలు ఏదో చెప్పబోయారు. ఆమె వినలేదు. పత్రాన్ని మడిచి, మా ఆయన వచ్చాక చూస్తామని తిరిగి ఇచ్చి, మిషను చక్రం మీద చేయి వేసింది. ‘ఆమెకు అభిప్రాయం లేక కాదు సార్, మనం ఇచ్చిన అభిప్రాయం ఆమె తీసికొన్నది’ అని ఆ అమ్మాయే నాతో అన్నది. మరునాడు విద్యార్థులు తమంత తాముగా రెండవ భాగాన్ని విడదీశారు.

అర్థశాస్త్ర మిత్రునికి ఇది నచ్చలేదు. మనుషులలో భయం ఉన్నప్పుడు దానిని అడగకుండా దాటవేసి సంతకం పుచ్చుకోవడం వంచన కాదా అన్నారు. తేలికగా తోసివేయదగిన మాట కాదిది. సమ్మతి అంటే తెలిసి ఇచ్చేది. భయాన్ని నిద్రపుచ్చి పుచ్చుకొన్న సమ్మతి రేపు తెల్లవారగానే మేలుకొంటుంది. అయితే ఆయన రెండు పనులను ఒకటిగా చూస్తున్నారని నాకు తోచింది. ప్రజల మనస్సులో ఏమున్నదో తెలిసికొనడం ఒక పని. ప్రజలను ఒక పనికి ఆహ్వానించడం మరొక పని. మొదటిదానికి అన్ని ప్రశ్నలూ కావాలి. రెండవదానికి ఆ ప్రశ్నలన్నీ అదే కాగితం మీద ఉండనక్కరలేదు. పెళ్లి శుభలేఖలో విడాకుల చట్టం అచ్చు వేయము. చట్టాన్ని దాచినట్లు కాదు గదా! అడిగినవారికి చెప్పడానికి సిద్ధంగా ఉండడం నిజాయితీ. అడగనివారి నోటిలో భయాన్ని వాక్యంగా పెట్టి, దానికి అంగీకరిస్తావా అనడం విచారణ మాత్రమే కాదు, ఒక విధమైన బోధ. ‘దీనిని గురించి మీకు ఏమనిపిస్తున్నది?’ అని అడిగి ఊరకుండడం వేరు. ఆ ఖాళీలో మనిషి తన మాట తాను వెదకుకొంటాడు. ఆ వచ్చిన భయం అతనిదే, దానికి జవాబు చెప్పవచ్చును.

మిత్రుడు పూర్తిగా ఒప్పుకోలేదు. నేనూ ఆయనను ఒప్పించాననుకోను.

మన దేశంలో ఈ విషయం కాగితంతో తీరేది కాదన్నది మరొక సంగతి. ఐరోపాలోని కొన్ని దేశాలు అడగడాన్నే తగ్గించాయి. వద్దని రాసి ఇవ్వనివారందరూ సమ్మతించినట్లే భావించే చట్టం వేల్స్‌లో 2015లో, స్కాట్లాండులో 2021లో, ఐర్లండులో 2025లో అమలుకు వచ్చింది. అక్కడ కూడా చివరి గడియలో కుటుంబంతో మాట్లాడుతారు. మన 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అటువంటిది కాదు, సమ్మతి కావలసిందే. బ్రతికి ఉండగా ప్రతిజ్ఞాపత్రం రాసినా, ఆచరణలో దగ్గరి బంధువులు ఒప్పుకొనకపోతే పని జరగదు. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, మెదడు పూర్తిగా చచ్చిపోయి, యంత్రం వలన గుండె మాత్రం కొట్టుకొంటున్న మనిషిని పత్రికలు జీవన్మృతుడు అంటాయి. నలుగురు వైద్యులు, కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి ఆ స్థితిని ధ్రువీకరించాలి. ఆ తరువాత ఐ.సి.యు. గుమ్మం దగ్గర ఒకరు వచ్చి కుటుంబాన్ని అడగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై ఇప్పుడు రెండు రాష్ట్రాలలోనూ నడుస్తున్న జీవన్‌దాన్ పథకంలో ఆసుపత్రుల సమన్వయకర్తల పని ఇదే. గుండె కొట్టుకొంటున్నది, ఒళ్లు వెచ్చగా ఉన్నది, ఛాతి పైకీ కిందికీ కదులుతున్నది. ఆ మనిషి ఇక లేడని చెప్పి, వెంటనే ఇస్తారా అని అడగాలి. లోకంలో ఇంతకంటె కఠినమైన ప్రశ్న ఉంటుందని నేననుకోను. మన దేశంలో పది లక్షల జనాభాకు ఏడాదికి ఒక్క మరణానంతర దాత కూడా లేడు. స్పెయిన్‌లో ఆ సంఖ్య నలభై అయిదు దాటింది. ఆ దేశంలో కూడా సమ్మతిని ముందే భావించే చట్టమున్నది. కాని ఆ వ్యవస్థను 1989 నుండి నడిపిన డాక్టర్ రాఫేల్ మతెసాంజ్, తమ విజయానికి చట్టం కారణం కాదని, కుటుంబంతో మాట్లాడడంలో శిక్షణ పొందిన సమన్వయకర్తలు ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఉండడమే కారణమని చెబుతూ వచ్చారు.

అటువంటి మనిషిని నేను ఒకసారి చూశాను. మా బావగారు 2016లో ఒక ఆసుపత్రిలో రాత్రి పదకొండు గంటలకు గుండెపోటుతో పోయారు. అవయవాల ప్రసక్తి లేదు, నేత్రదానం మాత్రం సాధ్యం. కంటిపొరను ఆరు గంటలలోపల సేకరించాలి. ఆ గడువు తరుముతున్నా, నేత్రనిధి తరపున వచ్చిన అమ్మాయి మా అక్క పక్కన బల్లమీద కూర్చొని మొదట అడిగినది కన్నుల గురించి కాదు. “సారు ఎలాంటి మనిషమ్మా?” అన్నది. అక్క ఏడుపు మధ్యలో చెప్పడం మొదలుపెట్టింది. ఆయన పోస్టాఫీసు ఉద్యోగం, చదువురాని ముసలివాళ్లకు ఉత్తరాలు చదివి పెట్టడం, మనియార్డరు డబ్బులు ఇంటికి వెళ్లి ఇచ్చి రావడం. పావుగంట చెప్పింది. ఆ అమ్మాయి గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చివరకు, “అమ్మా, వారి కళ్లతో మరో ఇద్దరు చూసే అవకాశం ఉన్నది. మీకు ఇష్టమైతేనే” అన్నది.

పెద్ద మేనల్లుడు వెంటనే వద్దన్నాడు. రేపు ఊరంతా నాన్న ముఖం చూడడానికి వస్తుందన్నాడు. ముఖంలో మార్పేమీ రాదని, పైపొరను మాత్రం తీసికొంటారని, ఇరవై నిమిషాల పని అని ఆమె అతడికి చెప్పింది. అతడు అడిగినదానికే చెప్పింది, అడగనిది చెప్పలేదు. అక్క కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆయనకు నొప్పి ఉండదు కదా?” అన్నది.

అందరమూ తల దించుకొన్నాము. చచ్చిపోయినవానికి నొప్పి ఏమిటని ఎవరైనా అనవచ్చును. నలభై ఏళ్లు ఆ మనిషి తలనొప్పికి అమృతాంజనం రాసిన చేయి అడుగుతున్న ప్రశ్న అది. ఆ అమ్మాయి నవ్వలేదు, శాస్త్రం చెప్పలేదు. “ఉండదమ్మా. నేను పక్కనే ఉంటాను” అన్నది. అక్క కాగితం మీద సంతకం చేసింది. ఏ ప్రశ్నావళిలోనూ ఆ ప్రశ్న లేదు. ఉండి ఉంటే, అయిదు గడులతో, ‘అవయవాలు తీసేటప్పుడు నొప్పి కలుగుతుందని నేను భయపడతాను’ అని అచ్చయి ఉండేది. అప్పుడు అక్క ఎక్కడ గుర్తు పెట్టి ఉండేదో ఊహించడం కష్టం కాదు.

మొన్నటి వేసవిలో అక్క మా ఇంటికి వచ్చింది. విద్యార్థులు మిగిల్చిన ప్రతిజ్ఞాపత్రాలు నా బల్లమీద ఉన్నాయి. ఒకటి తీసి, కళ్లజోడు సవరించుకొని, అంతా చదివి పక్కన పెట్టింది.

“నీ పేరు రాయమంటావా అక్కా?” అన్నాను.

“వద్దురా. చేజేతులా ఎవరైనా ఇలాంటివి రాసుకొంటారా? తథాస్తు దేవతలు ఉంటారు.”

నేను ఊరకున్నాను. ఆమె మామిడికాయ ముక్కలు తరుగుతూ కొంతసేపటికి తానే అన్నది.

“ఆ వేళ వచ్చినప్పుడు ఆ అమ్మాయికి కబురు చేయండి. ఆ అమ్మాయి కాకపోతే అలాంటి అమ్మాయికి. పిల్లలు అడ్డు చెప్పరులే. వాళ్లకు చెప్పి ఉంచాను.”

“ఎప్పుడు చెప్పావు?”

“సంక్రాంతికి. అరిసెలు వత్తుతూ చెప్పాను.”